మంచు రాత్రుల్లో ఆరుబయట దూడలు

ఉష్ణోగ్రత సున్నాకు 30 డిగ్రీల దిగువకు పడిపోయిన రాత్రి, పుట్టి వారమైనా కాని దూడను ఆరుబయట చిన్న ప్లాస్టిక్ గూటిలో ఉంచుతారంటే కసాయితనమే అనిపిస్తుంది. కానీ అమెరికాలోని విస్కాన్సిన్, మినెసోటా రాష్ట్రాల్లోనూ, కెనడాలోనూ ఎందరో పాడి రైతులు ఏటా చేసే పనే ఇది. తలుపులు బిగించిన వెచ్చని కొట్టంలో కంటే ఆ గూటిలోనే దూడ ఊపిరితిత్తులు బాగుంటాయని వారి అనుభవం. అయితే అందుకు కొన్ని షరతులున్నాయి.

బయట ఎంత చలి ఉన్నా, ఒక హద్దు వరకు మామూలు జీవక్రియలో పుట్టే వేడే పశువుకు సరిపోతుంది. ఆ హద్దు దాటితే ఒళ్లు వెచ్చగా ఉంచుకోవడానికే ప్రత్యేకంగా శక్తి ఖర్చు పెట్టాలి. చలికాలపు బొచ్చు దట్టంగా పెరిగి, ఒళ్లు పొడిగా ఉన్న పెద్ద ఆవుకు ఈ హద్దు సున్నాకు సుమారు 8 డిగ్రీల దిగువన ఉంటుంది. అదే ఆవు తడిసి ముద్దైతే సున్నాకు పైన 15 డిగ్రీల దగ్గరే దానికి చలి మొదలవుతుంది. బొచ్చు వెంట్రుకల మధ్య నిలిచే గాలే అసలు కంబళి. తడి ఆ గాలిని తరిమేస్తుంది, ఈదురుగాలి చెదరగొడుతుంది.

మూడు వారాల లోపు దూడకు ఒళ్లు పొడిగా ఉన్నా హద్దు 15 డిగ్రీల దాపుల్లోనే ఉంటుంది. బరువుతో పోలిస్తే దాని చర్మం వైశాల్యం ఎక్కువ కాబట్టి వేడి త్వరగా జారిపోతుంది. పైగా పెద్ద పశువు పొట్టలో ఒక కుంపటి ఉంటుంది. మేసిన గడ్డిని సూక్ష్మజీవులు పులియబెడుతుంటే రాత్రంతా వేడి పుడుతూనే ఉంటుంది. పసి దూడకు ఆ పెద్ద పొట్ట ఉందన్న మాటే గానీ పనిచేయదు. తాగిన పాలు దాన్ని తప్పించుకుని నేరుగా పొట్టలోని నాలుగు గదుల్లో చివరిదానికి చేరతాయి. దాణా నమలడం మొదలుపెట్టాకే కుంపటి రాజుకుంటుంది.

అంతవరకు దూడకు ఆధారం పుట్టుకతో వచ్చిన కాస్త కొవ్వు. అది శరీర బరువులో నాలుగు శాతానికి మించదు. అందులో కొంత గోధుమరంగు కొవ్వు. వణుకుతో పనిలేకుండానే ఇది కరిగి వేడినిస్తుంది. తీవ్రమైన చలిలో పాలు అందకపోతే ఈ నిల్వ ఒక రోజు కూడా నిలవదు. కడుపులోని నీటితో తడిసి పుట్టే దూడను తల్లి నాకి ఆరబెట్టాలి, లేదా మనిషి తువ్వాలుతో వెంట్రుకలు నిక్కేదాకా తుడవాలి. వెంటనే ముర్రుపాలు పట్టాలి. గర్భంలో ఉండగా తల్లి నుంచి దూడకు రోగాలతో పోరాడే యాంటీబాడీలేవీ అందవు. అవి, తొలి ఇంధనమూ రెండూ ఆ పాలలోనే వస్తాయి. దూడ నోట్లో వేలు పెట్టినప్పుడు లోపల చల్లగా తగిలి, అది చీకడానికి కూడా ప్రయత్నించకపోతే ప్రమాదం ముంచుకొచ్చినట్టే.

ఇక పరుపు సంగతి. నన్నడిగితే గూటి ధర కంటే అందులో పరిచే గడ్డి ముఖ్యం. రంపపు పొట్టు ఇక్కడ చాలదు. పొడుగాటి గోధుమ గడ్డి లోతుగా పరవాలి. దూడ పడుకున్నప్పుడు కాళ్లు గడ్డిలో మునిగిపోయి కనిపించకూడదు. దాని ఒంటి వేడి చుట్టూ ఉన్న గడ్డిలోనే నిలుస్తుంది. పొడిగా ఉందో లేదో తెలుసుకోవడానికి పరికరాలక్కర్లేదు. గడ్డి మీద మోకాళ్లూని కాసేపు కూర్చోండి. లేచాక ప్యాంటు తడిగా ఉంటే గడ్డి మార్చాలి. గూటి ముఖద్వారం ఈదురుగాలికి ఎదురుగా ఉండకుండా, ఎండ పడే దిక్కుకు ఉండాలి.

మరి కొట్టం తలుపులు మూసేస్తే ఏమవుతుంది? ఊపిరిలోని ఆవిరి గోడలకు పట్టి నీరై కారుతుంది. మూత్రం నుంచి లేచే అమ్మోనియా ఊపిరి గొట్టాల లోపలి పొరను దెబ్బతీస్తుంది. రోగక్రిములు బయటికి పోయే దారిలేక ఒక దూడ నుంచి మరో దూడకు చేరతాయి. న్యుమోనియాకు ఇంతకంటే అనువైన చోటు ఉండదు.

చలి ఖర్చు పాలతోనే తీరాలి. సున్నాకు 20 డిగ్రీల దిగువన చిన్న దూడకు బతకడానికే మామూలు కంటే దాదాపు రెట్టింపు శక్తి కావాలి. రోజుకు రెండు పూటలు పాలు పట్టేవారు మూడో పూట కలిపేది అందుకే. పాలు ఒంటి వేడితో సమానంగా ఉండాలి. చల్లటి పాలు పోస్తే వాటిని వేడెక్కించడానికే తాగిన శక్తిలో కొంత పోతుంది. గోరువెచ్చని నీళ్లూ ఇవ్వాలి, ఎందుకంటే నీళ్లు తాగని దూడ దాణా ముట్టదు.

పసి దూడలకు తొడిగే కోట్లు మంచివే గానీ, పగలు ఎండ కాసినప్పుడు లోపల చెమట పట్టి అవే తడి గుడ్డలవుతాయి. అందుకే రోజూ కోటు కింద చేయి పెట్టి చూడాలి. పగటి వెలుగు తగ్గేకొద్దీ, చలి తగిలేకొద్దీ బొచ్చు దట్టమవుతుంది, దానికి వారాలు పడుతుంది. వెచ్చని కొట్టంలో పెరిగిన దూడను నడి చలికాలంలో ఒక్కసారిగా బయట కట్టేస్తే, పక్కనే పుట్టినప్పటి నుంచీ ఆరుబయట పెరిగిన దూడ నిశ్చింతగా ఉన్న రాత్రే ఇది వణికిపోతుంది.