చదువుకున్న పిల్లలు పొలం పనికి ఎందుకు రావడం లేదు?

కూలీలు దొరకడం లేదన్న మాట వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు నెపం చదువు మీదికి నెడతారు. పల్లెకు బడి వచ్చిన నాటి నుంచీ ఈ వాదన ఉంది.

మొదట్లో గొడవంతా పిల్లల పనిగంటల గురించే. ఇంగ్లండ్‌లో 1880లో పదేళ్లలోపు పిల్లలకు బడి తప్పనిసరి చేశారు. చట్టం వచ్చినా, కోతలు మొదలైతే తరగతులు ఖాళీ అయ్యేవి. అక్కడి కెంట్ ప్రాంతంలో, బీరు తయారీలో వాడే హాప్స్ తోటల కోతను బట్టి బడి సెలవులే మార్చుకున్నారు. 1921లో అంతర్జాతీయ కార్మిక సంస్థ చేసిన ఒప్పందం కూడా 14 ఏళ్లలోపు పిల్లలను పొలం పనికి పూర్తిగా దూరం పెట్టలేదు. బడి వేళల్లో మాత్రం పని చేయించకూడదంది. భారత్‌లో 2016లో సవరించిన బాల కార్మిక చట్టంలోనూ, బడి అయ్యాక సొంత కుటుంబం చేసే పనుల్లో సాయపడొచ్చన్న వెసులుబాటు ఉంది. వందేళ్లయినా ఆ సందు మూసుకోలేదు.

అసలు మార్పు ఆ పిల్లలు పెద్దయ్యాక కనిపించింది. మెక్సికోనే చూడండి. 1942 నుంచి 1964 దాకా బ్రసెరో ఒప్పందం కింద అమెరికా పొలాలకు లక్షలాది మంది కూలీలు అక్కడి నుంచే వెళ్లారు. ఒప్పందం ముగిసినా వలస ఆగలేదు. ఇటు మెక్సికో పల్లెల్లో బడి మెల్లగా పై తరగతులకు విస్తరించింది. సబ్జెక్టుకో టీచరును పంపలేని ఊళ్లలో 1968 నుంచి టీవీ పాఠాలు పెట్టి, అన్ని సబ్జెక్టులకూ ఒకే టీచరును ఉంచారు. 1993లో ప్రాథమిక స్థాయి తర్వాతి మూడేళ్ల చదువునూ తప్పనిసరి చేశారు. 1997లో వచ్చిన ప్రోగ్రెసా పథకం, పిల్లలు బడికి వెళ్తేనే తల్లి చేతికి డబ్బు ఇచ్చింది. పనికి వెళ్తే పిల్లలు తెచ్చే కూలిని లెక్కలో పెట్టుకుని పై తరగతులకు మొత్తం పెంచారు, ఆడపిల్లలకు ఇంకాస్త ఎక్కువ ఇచ్చారు. హైస్కూలు చదువు అందిన ఊళ్ల యువత పొలం పనిలోకి రావడం తగ్గిందని ఆర్థికవేత్తల పరిశీలనల్లో తేలింది. పట్నంలో ఉద్యోగాలు, చిన్న కుటుంబాలు కూడా కారణాలే. అటు అమెరికా రైతులు తాత్కాలిక వీసా కూలీల మీద, యంత్రాల మీద ఆధారపడటం పెరిగింది.

అలాగని చదువుకు, సేద్యానికి పడదనుకుంటే పొరపాటే. రైతుకు చదువు కలిసొచ్చేది సాగు పద్ధతులు మారుతున్నప్పుడేనని 1979లో నోబెల్ అందుకున్న ఆర్థికవేత్త థియొడోర్ షుల్జ్ వాదించారు. భారత్‌లో హరిత విప్లవం రోజుల్లో కొత్త విత్తనాలతో ఎక్కువ లాభపడింది చదువుకున్న రైతులే. అయితే వాళ్లకు సొంత పొలం ఉంది. కలుపు తీసే మనిషి టెన్త్ పాసైనా, వేలిముద్ర వేసినా రోజు కూలి ఒక్కటే. చదివిన ఏళ్లకు పైసా కలవని పని వదిలేసి వెళ్లిన కుర్రాణ్ని బద్ధకస్తుడనడం అన్యాయం.

వెళ్లే అవకాశం కూడా అందరికీ సమానంగా రాలేదు. ఇటీవలి ప్రభుత్వ కార్మిక సర్వేల ప్రకారం భారత గ్రామాల్లో పనిచేసే మగవాళ్లలో దాదాపు సగం మందే వ్యవసాయంలో ఉంటే, ఆడవాళ్లలో 75 శాతానికి పైగా అందులోనే ఉన్నారు. హైస్కూలు పక్క ఊళ్లో ఉందని చదువు మానిపించినవాళ్లు, పెళ్లితో చదువు ఆగిపోయినవాళ్లు వీళ్లలో ఎందరో.