టీవీ కొన్నవారికి దాని కోడ్ అడిగే హక్కు ఉందా?

2021 అక్టోబరు 19న అమెరికాలో, కాలిఫోర్నియా రాష్ట్రం ఆరెంజ్ కౌంటీ కోర్టులో ఒక దావా పడింది. వేసింది సాఫ్ట్‌వేర్ ఫ్రీడమ్ కన్జర్వెన్సీ అనే లాభాపేక్ష లేని సంస్థ. ప్రతివాది విజియో అనే టీవీల కంపెనీ. ఆ సంస్థ అందరిలాగే విజియో టీవీలు కొంది. వాటి లోపల లినక్స్ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి ప్రోగ్రాము), దానితోపాటు జీపీఎల్ లాంటి, ప్రోగ్రాము ఇచ్చేవారు దాని కోడ్ కూడా ఇవ్వాలనే లైసెన్సుల కింద వచ్చిన మరికొన్ని ప్రోగ్రాములు నడుస్తున్నాయని గమనించి, లైసెన్స్ ప్రకారం సోర్స్ కోడ్, అంటే మనుషులు చదివి మార్చగలిగే రూపంలోని ప్రోగ్రాము, ఇవ్వమని అడిగింది. కంపెనీ పంపిన కోడ్ అసంపూర్తిగా ఉందనీ, కొంతకాలానికి జవాబులే ఆగిపోయాయనీ ఆ సంస్థ ఆరోపణ.

దావాలో డబ్బు అడగలేదు, కోడ్ ఇప్పించమని మాత్రమే అడిగారు. పైగా ఆ కోడ్ రాసినవాళ్ల తరఫున కాకుండా, టీవీ కొన్న వినియోగదారు హోదాలో అడిగారు. కోడ్‌ను అందరికీ తెరిచి ఉంచాలనే ఓపెన్ సోర్స్ ఉద్యమ చరిత్రలో లైసెన్స్ ఉల్లంఘన మీద కేసులు చాలా వచ్చాయి కానీ, దాదాపు అన్నీ కోడ్ రాసినవాళ్లు కాపీరైట్ పేరుతో వేసినవే. వస్తువు కొన్నవాళ్లకు కూడా అడిగే హక్కు ఉందా అన్నది ఇక్కడ తేలాలి. నా దృష్టిలో గత నలభై ఏళ్లలో ఈ ఉద్యమం మరిచిపోయిన అసలు ప్రశ్న ఇదే. అది ఎలా మరుగున పడిందో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

కంప్యూటర్లు పెద్ద సంస్థల దగ్గర మాత్రమే ఉన్న రోజుల్లో సాఫ్ట్‌వేర్‌కు విడిగా ధర ఉండేది కాదు. యంత్రంతో పాటే వచ్చేది, చాలాసార్లు సోర్స్ కోడ్‌తో సహా. 1969 జూన్‌లో ఐబీఎం సాఫ్ట్‌వేర్‌కు, సేవలకు విడిగా ధర పెడతానని ప్రకటించింది. 1976లో బిల్ గేట్స్ తన బేసిక్ ప్రోగ్రామును ఊరికే కాపీ చేసుకుంటున్న అభిరుచిపరులకు బహిరంగ లేఖ రాశాడు. 1980లో అమెరికా తన కాపీరైట్ చట్టాన్ని సవరించి కంప్యూటర్ ప్రోగ్రాములకు స్పష్టంగా చోటిచ్చింది. దాంతో పదేళ్లు దాటేసరికి కోడ్ తాళం వేసి దాచుకునే ఆస్తి అయింది.

అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయం ఏఐ ల్యాబ్‌లో పనిచేస్తున్న రిచర్డ్ స్టాల్‌మన్‌కు ఈ మార్పు ఒక ప్రింటర్ రూపంలో ఎదురైంది. అంతకుముందున్న ప్రింటర్‌లో కాగితం ఇరుక్కుంటే, ప్రింట్ కోసం ఎదురుచూస్తున్న వాళ్లందరి కంప్యూటర్ల మీద ఆ సంగతి కనిపించేలా ఆయన ప్రోగ్రామును మార్చుకున్నాడు. ఎవరో ఒకరు వెళ్లి సరిచేసేవారు. తర్వాత జిరాక్స్ కంపెనీ కొత్త లేజర్ ప్రింటర్ ఇచ్చింది, కోడ్ ఇవ్వలేదు. అదీ ఇరుక్కునేది, కానీ ఎవరికీ తెలిసేది కాదు. ఆ కోడ్ కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఒకరి దగ్గర ఉందని తెలిసి వెళ్లి అడిగితే, ఎవరికీ ఇవ్వనని సంతకం పెట్టానంటూ అతను ఇవ్వలేదు. స్టాల్‌మన్‌కు అక్కడ పట్టింపు ధర గురించి కాదు. తన గదిలో, తన కళ్ల ముందున్న యంత్రాన్ని తాను బాగుచేసుకోలేకపోవడం గురించి.

1983 సెప్టెంబరు 27న ఎవరైనా చదివి మార్చుకోగల ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేసే గ్నూ ప్రాజెక్టును ఆయన ప్రకటించాడు. 1985లో ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ పెట్టాడు. గ్నూ ప్రోగ్రాముల కోసం రాసిన జీపీఎల్ లైసెన్స్ మొదటి వెర్షన్ 1989లో, 1991 జూన్‌లో రెండోది వచ్చాయి. లినక్స్ కెర్నల్ ఇప్పటికీ ఈ రెండో వెర్షన్ కిందే ఉంది కాబట్టి, అందులోని మూడో సెక్షన్‌ను దగ్గరగా చూడడం అవసరం. ప్రోగ్రామును యంత్రం చదివే రూపంలో ఇచ్చేవారు సోర్స్ కోడ్ కూడా దానితోపాటే ఇవ్వాలి. లేదా కనీసం మూడేళ్లు చెల్లేలా రాతపూర్వకమైన హామీ ఇవ్వాలి. ఆ హామీ ఎవరికి? ఏ మూడో వ్యక్తికైనా. ఇచ్చేటప్పుడు కాపీ చేసి పంపడానికైన ఖర్చుకు మించి తీసుకోకూడదు. సోర్స్ అంటే కోడ్ ఒక్కటే కాదు, దాన్ని కంపైల్ చేసి (యంత్రం చదివే రూపంలోకి మార్చి) ఇన్‌స్టాల్ చేయడానికి వాడే స్క్రిప్టులు కూడా అని అందులో రాసి ఉంది. వంట పదార్థాలు చేతిలో పెట్టి పొయ్యి దాచేస్తే కుదరదన్నమాట. ఈ లైసెన్స్‌ను ప్రోగ్రామర్లు తమలో తాము రాసుకున్న ఒప్పందంగా చదవడం తప్పని నేను గట్టిగా నమ్ముతాను. యంత్రం ముందు కూర్చున్న మనిషిని దృష్టిలో పెట్టుకుని రాసిన వాక్యాలివి.

అయితే 1998లో గాలి మారింది. జనవరిలో నెట్‌స్కేప్ తన బ్రౌజర్ కోడ్ విడుదల చేస్తానంది. ఫిబ్రవరిలో పాలో ఆల్టోలో కొందరు సమావేశమై, స్వేచ్ఛ గురించిన మాటలు కంపెనీలను బెదరగొడుతున్నాయని, నాణ్యత, వేగం, పొదుపు గురించి మాట్లాడితే అవి దారికొస్తాయని నిర్ణయించారు. 'ఓపెన్ సోర్స్' పేరు అప్పుడు పుట్టిందే. అనుకున్నట్టే కంపెనీలు వచ్చాయి. 2001లో లినక్స్‌ను క్యాన్సర్‌తో పోల్చింది మైక్రోసాఫ్ట్ అధిపతి స్టీవ్ బాల్మర్. అదే మైక్రోసాఫ్ట్ 2018లో ప్రోగ్రామర్లు కోడ్ పంచుకునే వేదిక గిట్‌హబ్‌ను 750 కోట్ల డాలర్లకు కొంది. మరుసటి ఏడాది ఐబీఎం 3,400 కోట్ల డాలర్లు పెట్టి లినక్స్ కంపెనీ రెడ్ హ్యాట్‌ను కొంది. ఆ డబ్బు వల్ల లినక్స్ ఎంతో ఎదిగింది, దాన్ని కాదనను. కానీ బేరం మొదలయ్యాక వాడుకరి హక్కుల మాట చర్చలోంచి జారిపోయింది.

1998 అక్టోబరులోనే అమెరికాలో వచ్చిన డీఎంసీఏ అనే కాపీరైట్ చట్టం గురించి కూడా ఇక్కడే చెప్పాలి. కాపీరైట్ ఉన్న దానికి వేసిన డిజిటల్ తాళాన్ని తీయడమే చట్టవిరుద్ధమైపోయింది, తీసినవాడు ఇంకే తప్పూ చేయకపోయినా. అంటే కంపెనీలకు ఒక చేత్తో కోడ్ దొరికింది, ఇంకో చేత్తో తాళం.

హక్కు నిజంగా చేతికొస్తే ఏమవుతుందో ఒకసారి లోకం చూసింది. 2003లో లింక్‌సిస్ డబ్ల్యూఆర్‌టీ54జీ అనే వైఫై రూటర్‌లో లినక్స్ నడుస్తోందని బయటపడింది. లింక్‌సిస్‌ను సిస్కో అప్పుడే కొనుక్కుంది. ప్రోగ్రామర్లు కోడ్ ఎక్కడని గట్టిగా అడిగారు. కొన్ని నెలల ఒత్తిడి తర్వాత కంపెనీ కోడ్ విడుదల చేసింది. దాన్ని పట్టుకుని 2004లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ ప్రాజెక్టు మొదలైంది. ఇళ్లలో వాడే మామూలు రూటర్‌లోకి ఖరీదైన నెట్‌వర్క్ పరికరాల్లో మాత్రమే ఉండే సదుపాయాలు వచ్చాయి. ట్రాఫిక్‌కు ప్రాధాన్యాలు పెట్టుకోవచ్చు, వీపీఎన్ నడపొచ్చు, సిగ్నల్ బలం మార్చుకోవచ్చు. 2005లో లింక్‌సిస్ ఆ మోడల్‌లో మెమరీ తగ్గించి లినక్స్ తీసేసింది. కానీ జనం పాతదే కావాలనడంతో లినక్స్ ఉన్న రకాన్ని డబ్ల్యూఆర్‌టీ54జీఎల్ అనే పేరుతో విడిగా అమ్మింది, అదీ ఏళ్ల తరబడి. తయారీదారు పట్టించుకోవడం మానేసిన ఎన్నో రూటర్లకు ఈనాటికీ సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తున్నది ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీనే. కొన్నవాళ్లకు కోడ్ ఇస్తే వాళ్లేం చేసుకుంటారని అడిగేవాళ్లకు నేను చూపించే మొదటి జవాబు ఈ రూటర్.

అయితే తయారీదారులు ఈలోపు ఇంకో దారి పట్టారు. టీవో అనే కంపెనీ టీవీ కార్యక్రమాలు రికార్డు చేసే పెట్టెలో లినక్స్ వాడింది, కోడ్ కూడా ఇచ్చింది. కానీ ఆ కోడ్‌ను మార్చి తిరిగి పెట్టెలో వేస్తే అది నడవదు. కంపెనీ డిజిటల్ సంతకం ఉన్న కోడ్‌నే పెట్టె ఒప్పుకుంటుంది. 2007 జూన్‌లో వచ్చిన జీపీఎల్ మూడో వెర్షన్ దీన్ని అడ్డుకోవడానికే, ఇళ్లలో వాడే పరికరాలకు మార్చిన కోడ్‌ను ఇన్‌స్టాల్ చేసుకునే సమాచారం కూడా ఇవ్వాలని షరతు పెట్టింది. లినక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ ఒప్పుకోలేదు. తన కోడ్‌కు చేసిన మార్పులు తిరిగి వస్తే చాలు, హార్డ్‌వేర్‌తో ఏం చేయాలన్నది తయారీదారు ఇష్టమన్నది ఆయన వాదన. ఒక ప్రోగ్రామర్‌గా అది నిజాయితీ గల అభిప్రాయమే. కానీ పెట్టె కొన్న మనిషి ఆ వాదనలో ఎక్కడా లేడు.

కంపెనీలకు మాత్రం మూడో వెర్షన్ అర్థం బాగానే తెలిసింది. ఆపిల్ మ్యాక్ కంప్యూటర్లలో, టైపు చేసిన ఆదేశాలను నడిపే బ్యాష్ షెల్ అనే ప్రోగ్రామును రెండో వెర్షన్ లైసెన్స్ ఉన్న 3.2 దగ్గరే ఏళ్ల తరబడి ఆపేసింది. చివరికి 2019లో జీపీఎల్‌తో సంబంధం లేని జెడ్‌షెల్‌కు మారిపోయింది. సర్వర్ మీద నడిపే సాఫ్ట్‌వేర్‌కు కూడా కోడ్ ఇవ్వాలనే ఏజీపీఎల్ లైసెన్స్‌ను గూగుల్ లోపల వాడకుండా నిషేధించింది. ఆండ్రాయిడ్ అడుగున లినక్స్ ఉన్నా, ఫోన్‌లో వాడుకరికి నిజంగా అవసరమైనవి గూగుల్ ప్లే సర్వీసెస్ అనే మూసిన పొరలోకి మెల్లగా వెళ్లిపోయాయి. ఆండ్రాయిడ్‌ను మార్చి సొంతంగా తయారుచేసిన ఫోన్లు అమ్మకుండా తయారీదారులను ఒప్పందాలతో కట్టేయడం కూడా తప్పేనని యూరోపియన్ కమిషన్ 2018 జులైలో తేల్చింది. ఈ కేసులో వేసిన జరిమానా 434 కోట్ల యూరోలు.

దాదాపు షరతులే లేని లైసెన్స్ అయితే ఎలా ఉంటుందో 2017లో తెలిసింది. ఇంటెల్ చిప్‌లలో ప్రధాన ప్రాసెసర్‌తో సంబంధం లేకుండా మేనేజ్‌మెంట్ ఇంజిన్ అనే చిన్న కంప్యూటర్ నడుస్తుంటుంది. వాడుకరి దాన్ని చూడలేడు, మామూలుగా ఆపలేడు. అందులో ఉన్నది మినిక్స్ అని పరిశోధకులు కనిపెట్టారు. మినిక్స్‌ను విద్యార్థులకు పాఠం చెప్పడానికి ఆండ్రూ టానెన్‌బామ్ రాశాడు. దానికున్నది, వాడుకున్నవారు కోడ్ బయటపెట్టనక్కర్లేని బీఎస్‌డీ లైసెన్స్ కాబట్టి ఆయనకు చెప్పాల్సిన అవసరం కూడా ఇంటెల్‌కు లేదు. ఈ సంగతి తనకు పత్రికల ద్వారా కాక ముందే తెలిసి ఉంటే బాగుండేదని ఆయన బహిరంగ లేఖలో రాశాడు. అందరూ చదివి నేర్చుకోవాలని బయటపెట్టిన కోడ్, ఎవరూ చూడలేని చోట ఎందరి కంప్యూటర్లలోకో చేరింది. నాకు ఇది ఈ చరిత్ర మొత్తంలో అన్నిటికన్నా బాధ కలిగించే ఘట్టం.

మరి జీపీఎల్ ఉల్లంఘించినప్పుడు కోడ్ రాసినవాళ్లు కోర్టుకు వెళ్లొచ్చు కదా? వెళ్లారు. లినక్స్ కెర్నల్ డెవలపర్ క్రిస్టోఫ్ హెల్‌విగ్ 2015లో వీఎంవేర్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ మీద జర్మనీలోని హాంబర్గ్ కోర్టులో కేసు వేశాడు. వేలమంది కలిసి రాసిన కెర్నల్‌లో తన వంతు ఏదో, అది వీఎంవేర్ ఉత్పత్తిలో ఎక్కడుందో చట్టం కోరినంత కచ్చితంగా చూపలేదని 2016లో కొట్టేశారు, 2019లో అప్పీలు కూడా పోయింది. పైగా నేడు కెర్నల్ కోడ్‌లో ఎక్కువ భాగం రాస్తున్నది కంపెనీల ఉద్యోగులే. ఆ కాపీరైట్లు చాలావరకు యజమానులవే, ఆ యజమానులు తమ ఖాతాదారుల మీద కేసులు వేయరు. అంటే కాపీరైట్ ఒక్కటే ఆయుధమైతే, దాన్ని ఎత్తే చెయ్యి దాదాపు లేదు. కొనుగోలుదారు హోదాలో కోర్టుకు రావడానికి కారణం ఇదే.

టీవీయే ఎందుకన్న సందేహానికి విజియో పాత రికార్డులో జవాబుంది. 2014 ఫిబ్రవరి నుంచి విజియో టీవీలు తెర మీద ఏం కనిపిస్తోందో సెకను సెకనుకూ పసిగట్టి కంపెనీకి పంపేవి. కేబుల్ అయినా, డీవీడీ అయినా సరే. వాడుకరికి తెలియకుండా, అనుమతి లేకుండా 1.1 కోట్ల టీవీల నుంచి ఇలా సేకరించి, వయసు, ఆదాయం, వైవాహిక స్థితి లాంటి వివరాలు జతచేసే వీలు కల్పిస్తూ ఇతరులకు అమ్మిందని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపించింది. 2017 ఫిబ్రవరిలో 22 లక్షల డాలర్లు కట్టి విజియో రాజీ పడింది. జీపీఎల్ కోడ్ చేతికొస్తే ఆ నిఘా ప్రోగ్రాము కోడ్ కూడా వస్తుందని కాదు. అది విడి ప్రోగ్రాము అయితే రాదు. కానీ కింద ఉన్న కెర్నల్‌ను, లైబ్రరీలను చదివి తిరిగి కట్టగలిగితే టీవీ ఎవరితో ఏం మాట్లాడుతోందో గమనించడం, దాన్ని ఆపే మార్గాలు వెతకడం, కంపెనీ వదిలేసిన సెట్‌ను బతికించుకోవడం చాలా తేలికవుతుంది.

కేసు సంగతికొస్తే, ఇది కాపీరైట్ గొడవ కాబట్టి ఫెడరల్ కోర్టులోనే జరగాలని విజియో వాదించింది. కోడ్ ఇస్తాననే హామీ కాపీరైట్‌కు అదనంగా ఉన్న ఒప్పంద బాధ్యత అంటూ 2022 మే నెలలో ఫెడరల్ న్యాయమూర్తి కేసును రాష్ట్ర కోర్టుకు తిప్పి పంపారు. విచారణ లేకుండానే కొట్టేయమని విజియో వేసిన పిటిషన్‌ను 2023 డిసెంబరులో ఆ కోర్టు తిరస్కరించింది. 'ఏ మూడో వ్యక్తికైనా' అని లైసెన్స్‌లో రాసిన మాటలో టీవీ కొన్నవారు కూడా ఉన్నారని వాదించే దారి అలా తెరుచుకుంది. దావా పడిన కొద్ది వారాలకే విజియో ఆర్థిక ఫలితాలు వచ్చాయి. టీవీల అమ్మకం కన్నా ప్రకటనలు, డేటా ఉన్న విభాగం నుంచే ఎక్కువ స్థూల లాభం వచ్చిందని తేలింది. 2024లో వాల్‌మార్ట్ 230 కోట్ల డాలర్లకు విజియోను కొంది. కొనడానికి అది చెప్పిన ప్రధాన కారణం ప్రకటనల వ్యాపారం పెంచుకోవడం.