కిరీటం వెనక హుండీ

2023 మార్చి 2న అమెరికాలోని టెనెసీ గవర్నర్ బిల్ లీ ఒక చట్టం మీద సంతకం పెట్టారు. పిల్లలు చూసే అవకాశం ఉన్న చోట ‘అడల్ట్ క్యాబరే’, అంటే పెద్దలకు మాత్రమే అనదగ్గ ప్రదర్శనలు వేయకూడదన్నది దాని సారాంశం. ఆ మాట కిందికి ఆడవేషం కట్టే మగవాళ్లను, మగవేషం కట్టే ఆడవాళ్లను కూడా తెచ్చారు. దాని మీద కోర్టుకు వెళ్లింది మెంఫిస్‌లోని ఫ్రెండ్స్ ఆఫ్ జార్జెస్ అనే నాటక బృందం. డ్రాగ్ అంటే ఇలా వేషం మార్చి ఆడిపాడటం; ఆ ప్రదర్శనలు వేసి, వచ్చిన డబ్బును సేవాసంస్థలకు ఇచ్చే బృందం అది. జూన్‌లో ఫెడరల్ జడ్జి చట్టం చెల్లదన్నారు. 2024 జులైలో అప్పీలు కోర్టు, ఈ బృందానికి అసలు దావా వేసే అర్హతే లేదని ఆ తీర్పును పక్కన పెట్టింది.

వార్తల్లో ఈ గొడవంతా వేషం చుట్టూనే తిరిగింది. ఆ వేషంతో పోగైన డబ్బు గురించి మాట్లాడినవాళ్లు తక్కువ. గే సమాజంలో డ్రాగ్‌కూ చందాలకూ ముడి ఎలా పడిందో తెలుసుకోవాలంటే శాన్‌ఫ్రాన్సిస్కోలోని మాంట్‌గోమరీ వీధికి వెళ్లాలి.

ఆ వీధిలో బ్లాక్ క్యాట్ అనే బార్ ఉండేది. హోసే సారియా అందులో వెయిటర్. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యంలో పనిచేసి వచ్చిన మనిషి. టీచర్ కావాలనుకున్నాడు. కానీ అప్పట్లో గే మనుషుల మీద మోపే ‘అనైతిక ప్రవర్తన’ కేసు ఒకటి మీద పడటంతో ఆ దారి మూసుకుపోయింది. బ్లాక్ క్యాట్‌లో ఆదివారాలు ఆడవేషం కట్టి, ఒపేరాలను తనకు తోచినట్టు మార్చి పాడేవాడు. జనం కిక్కిరిసిపోయేవారు. చివర్లో అందరినీ చేతులు పట్టుకుని నిలబడమనేవాడు. బ్రిటిష్ జాతీయగీతం బాణీలో తాము కట్టుకున్న పాట పాడించేవాడు. ఒక్కోసారి జైలు కిటికీల కిందికి వెళ్లి, లోపల ఉన్నవాళ్లకు వినపడేలా పాడేవారు. కలిసి ఉంటే నిలబడతాం, విడిపోతే ఒక్కొక్కరినీ పట్టుకుపోతారు అన్నది సారియా ఎప్పుడూ చెప్పే మాట.

పట్టుకుపోవడం అక్షరాలా నిజం. మరో లింగం వాళ్ల బట్టలు వేసుకుని బయటికి రావడం ఆ నగరంలో 1863 నుంచి నేరం. 1974లో గానీ ఆ నిబంధన రద్దు కాలేదు. అందరూ వేషాలు వేసే హాలోవీన్ పండగ రాత్రి మాత్రం పోలీసులు చూసీచూడనట్టు ఉండేవారు. అర్ధరాత్రి దాటగానే బార్ల బయట కాపుకాసి అరెస్టులు మొదలుపెట్టేవారు. మోసం చేసే ఉద్దేశంతో వేషం వేశారన్నది అభియోగం. సారియా దానికి ఒక ఉపాయం కనిపెట్టాడు. నల్లపిల్లి తల ఆకారంలో చీటీలు కత్తిరించి, ‘నేను అబ్బాయిని’ అని రాసి పంచాడు. పోలీసు ఆపితే గౌను మీద పిన్నుతో గుచ్చుకున్న ఆ చీటీ చూపించడమే. నేను ఎవరినో చెప్పుకుంటూనే తిరుగుతున్నాను, ఇంక మోసం ఎక్కడిది? నాకు ఈ చరిత్ర మొత్తంలో బాగా నచ్చేది ఆ చిన్న కాగితం ముక్కే.

అరెస్టయినవాళ్లు మామూలుగా పరువు పోతుందన్న భయంతో నేరం ఒప్పేసుకుని జరిమానా కట్టేవారు. ఒప్పుకోవద్దు, జ్యూరీ విచారణ అడగండి అని సారియా నూరిపోశాడు. అయితే విచారణ అంటే లాయరు కావాలి, బెయిలు కావాలి, ఉద్యోగం పోతే నాలుగు రోజులు ఇల్లు గడవాలి. ఇంట్లో చెప్పుకోలేరు, బయట అప్పు పుట్టదు. 1961లో సారియా నగర పాలక మండలికి పోటీ చేశాడు. తాను గే అని దాచుకోకుండా అమెరికాలో ఎన్నికల్లో నిలబడిన మొదటి మనిషి ఆయనే. సుమారు 5,600 ఓట్లు వచ్చాయి. గెలవలేదు గానీ, ఇంతమంది ఉన్నామన్న సంగతి అందరికీ తెలిసింది. మరుసటి ఏడాది గే బార్ల యజమానులూ పనివాళ్లూ కలిసి ‘టావెర్న్ గిల్డ్’ పెట్టుకున్నారు. పోలీసుల వేధింపులకు ఎదురు నిలవడానికి, పని పోయినవాళ్లకు సాయపడటానికి పుట్టిన సంఘం అది. పిక్నిక్కులు, వేలంపాటలు, ఏటా ఒక పెద్ద నృత్యోత్సవం, ఇలా డబ్బు పోగయ్యేది. బ్లాక్ క్యాట్ మాత్రం నిలవలేదు. లైసెన్సు పోయి మూతపడింది.

1965లో గిల్డ్ ఉత్సవంలో సారియాకు ‘క్వీన్’ కిరీటం పెట్టారు. నేను ఎప్పటినుంచో క్వీన్‌నే కదా అంటూ ఆయన తనను తాను సామ్రాజ్ఞిగా ప్రకటించుకున్నాడు. పేరు ‘మొదటి హోసే, నార్టన్ వితంతువు’. ఈ నార్టన్ ఎవరంటే, బియ్యం వ్యాపారంలో నిండా మునిగి, 1859లో తానే అమెరికా చక్రవర్తినని ప్రకటించుకున్న జాషువా నార్టన్. శాన్‌ఫ్రాన్సిస్కో జనం ఆయన్ని తరిమెయ్యలేదు. ఆయన సొంతంగా అచ్చు వేయించిన నోట్లను కూడా తీసుకున్నారు. ఎనభై అయిదేళ్ల కింద చనిపోయిన అలాంటి మనిషికి తాను వితంతువునని సారియా చెప్పుకున్నాడు.

అలా మొదలైందే ఇంపీరియల్ కోర్ట్ వ్యవస్థ. ఈ కోర్టు న్యాయస్థానం కాదు, రాజదర్బారు. 1970ల మొదట్లోనే పోర్ట్‌లాండ్, సియాటిల్, కెనడాలో వాంకూవర్ దాకా పాకింది. ఇప్పుడు అమెరికా, కెనడా, మెక్సికోల్లో పదుల సంఖ్యలో కోర్టులున్నాయి. ప్రతి ఊరి కోర్టూ ఒక ‘రాజ్యం’. ఏటా ఓట్లు వేసి చక్రవర్తినీ సామ్రాజ్ఞినీ ఎన్నుకుంటారు, పట్టాభిషేకం చేస్తారు. మామూలు అందాల పోటీలో కిరీటంతో పని అయిపోతుంది. ఇక్కడ కిరీటంతోనే పని మొదలవుతుంది. ఏడాది పాటు షోలు పెట్టాలి, లాటరీ టికెట్లు అమ్మాలి, వేరే ఊళ్ల పట్టాభిషేకాలకు వెళ్లాలి. జీతం లేదు. షోలో పాట నడుస్తుంటే జనం ఒక్కొక్కరే లేచి వచ్చి, మడిచిన డాలరు నోటు చేతిలో పెట్టి వెళ్తారు. ఆ నోట్లన్నీ హుండీలోకే. గౌన్లు, విగ్గులు, విమానం టికెట్లు చాలావరకు సొంత జేబులోంచే. అచ్చంగా మన చేతిచమురు భాగవతం. ఈ ఖర్చు భరించలేనివాళ్లకు కిరీటం అందదన్న విమర్శ ఉంది. అది న్యాయమైనదే అనుకుంటాను.

1981 జూన్‌లో ఎయిడ్స్ మొదటి కేసులు బయటపడ్డాయి. అధ్యక్షుడు రీగన్ ఆ జబ్బు మీద మొదటి పెద్ద ప్రసంగం చేసింది 1987 మేలో. 1990 చివరికి అమెరికాలో లక్ష మందికి పైగా పోయారు. కొన్ని ఆసుపత్రుల్లో గదిలోకి రావడానికి భయపడి అన్నం పళ్లేన్ని గుమ్మం దగ్గరే పెట్టి వెళ్లిన రోజులవి. కొడుకు శవాన్ని కూడా వద్దన్న కుటుంబాలున్నాయి. మంచాన పడ్డ మనిషికి ఇంటి అద్దె, కరెంటు బిల్లు, మందులు, చివరికి అంత్యక్రియలు ఎవరు చూడాలి? కొత్తగా సంఘం పెట్టి, జనాన్ని కూడగట్టి, డబ్బు సేకరించడం నేర్చుకునే టైమ్ లేదు. బెయిలు రోజుల నుంచి అలవాటైన చేతులు అప్పటికే ఉన్నాయి. అవే షోలు, అవే హుండీలు. నిన్న వేదిక మీద పాడినవాళ్ల కోసమే ఇవాళ చందా ఎత్తాల్సి వచ్చేది.

పోర్ట్‌లాండ్‌లో దశాబ్దాల పాటు సొంత క్లబ్బు నడిపిన డ్రాగ్ క్వీన్ డార్సెల్ పేరు చివర ‘15’ అనే రోమన్ అంకె ఉండేది. అక్కడి కోర్టుకు 15వ సామ్రాజ్ఞి అయినందుకు పెట్టుకున్న అంకె అది. 2016లో, ప్రపంచంలో ఇంకా వేదికెక్కుతున్న డ్రాగ్ క్వీన్లలో అందరికంటే పెద్ద వయసని గిన్నిస్ వాళ్లు గుర్తించారు. డార్సెల్ 92 ఏళ్ల వయసులో 2023 మార్చి 23న కన్నుమూశారు. టెనెసీ చట్టం మీద సంతకం పడి అప్పటికి మూడు వారాలు.

సారియా అంతకు పదేళ్ల ముందే, 2013 ఆగస్టులో వెళ్లిపోయారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో కొండ మీది గ్రేస్ కెథెడ్రల్ అనే పెద్ద చర్చిలో ప్రార్థనలు జరిగాయి. వెయిటర్‌గా ఉన్నప్పుడు ఆయన మనుషుల్ని పోలీసులు వ్యానుల్లో ఎక్కించుకుపోయిన ఊరే అది. ఆ ఊరి పక్కనున్న కోల్మాలోని శ్మశానవాటికలో నార్టన్ సమాధి దగ్గరే స్థలం ముందుగా కొనిపెట్టుకున్నారు. అక్కడే ఖననం చేశారు. కోర్టు వాళ్లు ఏటా కిరీటాలు, గౌన్లతో పట్టపగలే అక్కడికి వస్తారు. ఎవరి గౌను మీదా చీటీ ఉండదు.