గుడి మూసి ఉన్న రోజుల్లో విచారణ జీవితం: పిల్లలకు ఒక ఉత్తరం

ప్రియమైన పిల్లలారా,

దేవాలయం తలుపులకు తాళం పడి, పక్కన గోడ మీద మరమ్మతుల గురించో మరో కారణం గురించో రాసిన కాగితం కనిపించినప్పుడు మీలో పెద్దవాళ్ళు "ఇప్పుడు పూజ ఎక్కడ?" అని అడుగుతారు. చిన్నవాళ్ళు ఇంకొక అడుగు ముందుకు వేసి "గుడి మూశారు కదా, ఇక ఆదివారం సెలవేనా?" అంటారు. ఆ మాట విని ఇంట్లోవాళ్ళు నవ్వుతారు గానీ, వాళ్ళలో కొందరు పైకి అనకపోయినా లోలోపల అలాగే అనుకుంటారని ఇన్నేళ్ళు జ్ఞానోపదేశం చెప్పిన నాకు బాగా తెలుసు. అందుకే ఆ ప్రశ్నకు తీరికగా జవాబు రాస్తున్నాను. దేవాలయం మూతపడినప్పుడు అందులో జరిగేవాటిలో కొన్ని మన వెంట బయటికి వస్తాయి, కొన్ని రావు. ఏవి వస్తాయో ఏవి రావో శ్రీసభ, అంటే మన కతోలిక సంఘం, ఎప్పుడో ఆలోచించి పెట్టింది కాబట్టి మనం కొత్తగా కంగారు పడవలసిన పని లేదు.

ముందుగా విచారణ, అంటే పారిష్, సంగతి. 1983లో వెలువడిన శ్రీసభ చట్టం, అంటే కానన్ లా, తన 515వ నిబంధనలో విచారణను నిర్వచించేటప్పుడు గోడలను గాని గంటను గాని ప్రస్తావించదు. పీఠాధిపతి, అంటే బిషప్, అధికారం కింద ఒక గురువు కాపుదలకు అప్పగించిన, స్థిరంగా ఏర్పడిన విశ్వాసుల సమూహమే విచారణ అని చెబుతుంది. కాబట్టి తాళం పడిన మర్నాడు కూడా మీరు అదే విచారణ బిడ్డలు, మీ ఫాదర్ గారు మీ విచారణ గురువే. జ్ఞానస్నానాలు, వివాహాలు, మరణాలు నమోదు చేసే పుస్తకాలను ఆయన కట్టడంతో పాటు వదిలిపెట్టరు, తన వెంట తీసుకువెళతారు. ఆ పుస్తకాల్లోని మీ పేరు పక్కన రేపు మీ భద్రమైన అభ్యంగనం (కన్ఫర్మేషన్), ఆ తరువాత ఎప్పుడో మీ పెళ్ళి కూడా రాయవలసి ఉంటుంది.

అదే చట్టంలోని 534వ నిబంధన గురించి పిల్లలకు ఎవరూ చెప్పరు, నాకేమో అది చాలా ఇష్టం. ప్రతి ఆదివారమూ, పూజలో తప్పక పాల్గొనవలసిన ప్రతి అప్పు పండుగనాడూ విచారణ గురువు తనకు అప్పగించిన ప్రజల కోసం ఒక పూజ సమర్పించి తీరాలని అది ఆజ్ఞాపిస్తుంది. ఆ పూజకు ఎవరి దగ్గరా కానుక పుచ్చుకోరు, దానిని వేరే ఎవరి ఉద్దేశానికీ కేటాయించరు. మీరు రాలేకపోయినా, ఎవరూ రాలేకపోయినా, ఆయన ఒక చిన్న గదిలో ఒంటరిగా పూజ చేయవలసి వచ్చినా, ఆ ఆదివారపు పూజ మీ కోసమే జరుగుతుంది.

ఇప్పుడు మూసే రోజున ఏం జరుగుతుందో చూద్దాం. మరమ్మతు పనివాళ్ళు రాకముందే గురువు సత్ప్రసాదాన్ని, అంటే పూజలో క్రీస్తు శరీరంగా అర్పించిన అప్పాన్ని, భద్రపరిచే మందసం తెరిచి, లోపలి పాత్రను తీసి, భుజాల మీద వేసుకున్న వస్త్రపు అంచులతో చేతులు కప్పుకుని దానిని పట్టుకుని, ముందు ఒకరు వెలిగించిన కొవ్వొత్తితో నడుస్తుండగా దానిని మరొక దేవాలయానికో కన్యల మఠంలోని ప్రార్థనాలయానికో తీసుకువెళతారు. మందసం తలుపు తెరిచే ఉంచుతారు, దాని పక్కన రాత్రింబవళ్ళు వెలిగే దీపాన్ని ఆర్పేస్తారు. ఆ దీపం లేదంటే అక్కడ దివ్యసత్ప్రసాదం లేదని అర్థం. ఆ తరువాత మీరు ఏదైనా పని మీద లోపలికి వెళితే ఖాళీ మందసం ముందు మోకాలు వంచనక్కరలేదు, బలిపీఠానికి తల వంచి నమస్కరిస్తే చాలు. సత్ప్రసాదాన్ని ఎవరి ఇంటి అలమరలోనో దాచి ఉంచడానికి మాత్రం వీలు లేదు. దానిని ఉంచే చోట దాని బాధ్యత చూసే మనిషి ఎప్పుడూ ఉండాలని, వీలైనంతవరకు నెలకు రెండుసార్లయినా అక్కడ పూజ జరగాలని 934వ నిబంధన చెబుతుంది.

పూజ మాత్రం బయటికి వస్తుంది. పవిత్ర స్థలంలోనే పూజ జరగాలన్నది నియమమే అయినా, అవసరం పడినప్పుడు తగిన మరొక చోట చేయవచ్చని 932వ నిబంధన అనుమతిస్తుంది. అది బడి హాలు కావచ్చు, పందిరి కావచ్చు, ఇతర క్రైస్తవ సంఘంవారు ఇచ్చిన ప్రార్థనా మందిరం కూడా కావచ్చు. అయితే ఆ చివరిదానికి పీఠాధిపతి ప్రత్యేక అనుమతి ఉండాలి. అక్కడ రాతి బలిపీఠం ఉండదు, ఒక బల్ల ఉంటుంది. దాని మీద శుభ్రమైన తెల్లని వస్త్రం, ఆ వస్త్రం మీద మధ్యలో మరొక చిన్న చతురస్రపు గుడ్డ పరుస్తారు. ఆ చిన్న గుడ్డను పూజ అయ్యాక ఎలా మడుస్తారో గమనించండి. అప్పపు నలుసు ఏదైనా పడి ఉంటే లోపలే నిలిచేటట్టు అంచులను లోపలికి మడుస్తారు. దానితో పాటు ఒక సిలువ, కనీసం రెండు కొవ్వొత్తులు ఉండాలి. గోధుమ అప్పం, ద్రాక్షారసం మారవు, ప్రార్థనలు మారవు. హాలులో ప్రతిధ్వని ఎక్కువై పాట సరిగా కుదరకపోవచ్చు, వెనక కూర్చున్నవారికి బల్ల కనబడకపోవచ్చు. అవి చిన్న ఇబ్బందులు. బడి హాలు కదా అని చెప్పులు చప్పుడు చేస్తూ, కబుర్లు చెప్పుకుంటూ వచ్చేవాళ్ళను చూస్తే మాత్రం నాకు కోపం వస్తుంది, అది కూడా రాసేస్తున్నాను.

ఇలాంటి ఏర్పాటు తాత్కాలికమే అయినా దాని వెనక చాలా పాత అనుభవం ఉంది. సుమారు 155లో రోమునగరంలో పునీత జస్టిన్ అనే క్రైస్తవ రచయిత చక్రవర్తికి రాసిన విన్నపంలో క్రైస్తవుల ఆదివారం ఎలా గడుస్తుందో వివరించాడు. పట్టణాల్లోనూ పల్లెల్లోనూ ఉన్నవారంతా ఒకచోట చేరతారు, అపోస్తలుల జ్ఞాపకాలో ప్రవక్తల గ్రంథాలో సమయం ఉన్నంతసేపు చదువుతారు, అధ్యక్షుడు బోధిస్తాడు, అప్పం, రసం, నీళ్ళు తెస్తారు, ప్రార్థనకు అందరూ ఆమెన్ అంటారు, రాలేనివారికి డీకన్లు (గురువులకు తోడ్పడే సేవకులు) సత్ప్రసాదం తీసుకువెళతారు, కలిగినవారు ఇచ్చిన కానుకలు అనాథలకు, విధవరాండ్రకు, రోగులకు, ఖైదీలకు, పరదేశులకు చేరతాయి. మనం ఇప్పుడు చూసే దేవాలయాల వంటివి అప్పటికి లేవు. అయినా ఆ వరుస మన ఆదివారపు పూజలో ఈనాటికీ అలాగే ఉంది.

కొన్నిసార్లు కట్టడంతో పాటు కూడికే ఆగిపోతుంది. 1576లో మిలాను నగరంలో మహమ్మారి ప్రబలి జనాన్ని ఇళ్ళలోనే ఉండమన్నప్పుడు, అక్కడి అగ్రపీఠాధిపతి పునీత చార్లెస్ బొరోమియో వీధుల కూడళ్ళలో బలిపీఠాలు నిలబెట్టించాడు. ప్రజలు కిటికీల్లోంచి పూజను చూశారు, గంటలు మోగినప్పుడు వాకిళ్ళలో నిలబడి ఒక ఇంటివారు ఒక చరణం, ఎదుటి ఇంటివారు మరొక చరణం అందుకుంటూ ప్రార్థనలు పాడారు. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు కిటికీల స్థానంలో తెరలు వచ్చాయి. ఆ ఏడాది మార్చి 9 నుంచి మే 17 వరకు పోప్ ఫ్రాన్సిస్ తన నివాసమైన సాంతా మార్తా ప్రార్థనాలయంలో చేసిన ఉదయపు పూజను ప్రపంచమంతా చూడగలిగింది. మార్చి 27 సాయంకాలం వానలో, ఒక్క మనిషీ లేని పునీత పేతురు బసిలికా ప్రాంగణం ముందు నిలబడి ఆయన దివ్యసత్ప్రసాదంతో లోకాన్ని ఆశీర్వదించారు.

తెర మీద పూజ అప్పటికి కొత్తదేమీ కాదు. 1948 క్రిస్మసు రాత్రి పారిస్‌లోని నోత్ర్ దామ్ మహాదేవాలయం నుంచే టెలివిజన్‌లో దివ్యపూజ ప్రసారమైంది. మంచం పట్టినవారికి అది ఎంత ఓదార్పో నేను చూశాను కాబట్టి దానిని తక్కువ చేసి మాట్లాడను. కాని ఆ పోప్ ఫ్రాన్సిస్ గారే 2020 ఏప్రిల్ 17 నాటి ప్రసంగంలో, ఇది కష్టకాలంలో ఉన్న శ్రీసభ పరిస్థితి మాత్రమేనని, ప్రజలూ దివ్యసంస్కారాలూ (జ్ఞానస్నానం, సత్ప్రసాదం వంటివి) లేని పద్ధతికి అలవాటు పడరాదని హెచ్చరించారు. తెర మనకు వాక్యాన్ని వినిపిస్తుంది, ప్రార్థనలో కలుపుకుంటుంది, సత్ప్రసాదాన్ని మాత్రం అందించలేదు. చూసేటప్పుడు లేచి నిలబడవలసిన చోట నిలబడండి, జవాబులు పైకి చెప్పండి, పళ్ళెం ఒడిలో పెట్టుకుని చూడకండి. సత్ప్రసాదం పుచ్చుకునే సమయంలో, ప్రభువా, నిన్ను ఇప్పుడు స్వీకరించలేకపోతున్నాను, నా హృదయంలోకి రమ్మని కోరుకుంటున్నాను అని మీ సొంత మాటల్లో చెప్పుకోండి. దీనిని ఆత్మీయ సత్ప్రసాద స్వీకరణ అంటారు. పునీతులు ఎందరో దీనిని మెచ్చుకున్నారు, దేవాలయం తెరిచి ఉన్న రోజుల్లో కూడా చేసేవారు.

పూజకు వెళ్ళడం నిజంగానే సాధ్యం కాని ఆదివారం ఏం చేయాలి? ఆ రోజు పాపం చేస్తున్నామని భయపడకండి, అసాధ్యమైనదానిని శ్రీసభ ఎవరి దగ్గరా కోరదు. అయితే 1248వ నిబంధన ఒక మాట గట్టిగా సిఫారసు చేస్తుంది. గురువు లేకపోవడం వల్లగాని మరో గట్టి కారణం వల్లగాని పూజలో పాల్గొనలేనివారు వాక్య ఆరాధనలో పాల్గొనాలని, లేదా తగినంత సమయం ఒంటరిగానో కుటుంబంగానో కొన్ని కుటుంబాలు కలిసో ప్రార్థనలో గడపాలని అంటుంది. ఆనాటి పఠనాలను మీలో ఒకరు నెమ్మదిగా చదవండి, కాసేపు ఊరుకోండి, పరలోక జపం చెప్పండి, రోగుల పేర్లు ఎత్తి ప్రార్థించండి. సాయంకాలం జపమాల. అంతకన్నా పెద్ద ఏర్పాటు అక్కరలేదు.

పాపసంకీర్తనం, అంటే గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడం, ఫోన్‌లో చేయవచ్చా అని ఒక అబ్బాయి అడిగాడు. చేయకూడదు. ఇంటర్నెట్‌లో దివ్యసంస్కారాలు లేవని వాటికన్ 2002లోనే స్పష్టంగా రాసింది. గురువు, పశ్చాత్తాపపడేవాడు ఒకరికొకరు ఎదురుగా ఉండాలి. పాపసంకీర్తనపు పెట్టె అందుబాటులో లేనప్పుడు తగిన కారణంతో హాలు మూలలో రెండు కుర్చీలు వేసి కూడా ఫాదర్ గారు వినవచ్చు. గురువు దొరకనే దొరకని పరిస్థితిలో దేవుని మీది ప్రేమతో నిండు పశ్చాత్తాపపడి, వీలు దొరికిన వెంటనే పాపసంకీర్తనం చేస్తానని నిశ్చయించుకున్నవారికి క్షమాపణ ఉందని శ్రీసభ బోధిస్తుంది. జ్ఞానస్నానం మామూలుగా ఇళ్ళలో ఇవ్వరు, కాని ప్రాణాపాయంలో ఉన్న బిడ్డకు ఎవరైనా ఇవ్వవచ్చు. నీళ్ళు పోస్తూ పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున జ్ఞానస్నానమిస్తున్నానని చెప్పాలి, శ్రీసభ ఉద్దేశమే తన ఉద్దేశంగా ఉండాలి.

ఆ ఒక్క అనుమతి ఎంత దూరం నడిపించగలదో జపాను క్రైస్తవులు చూపించారు. 1614లో అక్కడ క్రైస్తవ మతాన్ని నిషేధించారు, గురువులను వెళ్ళగొట్టారు, మిగిలినవారిని చంపారు, దేవాలయాలు కూల్చారు. పూజ పోయింది, పాపసంకీర్తనం పోయింది, సత్ప్రసాదం పోయింది. నాగసాకి చుట్టుపక్కల మిగిలినవారు ఇళ్ళలోనే రహస్యంగా జ్ఞానస్నానం ఇచ్చుకుంటూ, జపాలు నోటితో అప్పగించుకుంటూ, పండుగల లెక్క తప్పకుండా రెండు వందల ఏళ్ళకు పైగా నిలబడ్డారు. 1865 మార్చి 17న, అక్కడ విదేశీయుల కోసం కొత్తగా కట్టిన ఓఉరా దేవాలయానికి కొందరు వచ్చి, ఫాదర్ బెర్నార్ పెతిజాన్‌తో తమ హృదయమూ ఆయన హృదయమూ ఒకటేనని మెల్లగా చెప్పి, మరియమాత స్వరూపం ఎక్కడ ఉందని అడిగారు.

ఇక ఆ తాళం పడిన కట్టడం మాటేమిటి? పూజ ఆగినంత మాత్రాన దాని పవిత్రత పోదు. చాలా భాగం కూలిపోతేనో, పీఠాధిపతి ఆజ్ఞ వల్లగాని వాస్తవంగా గాని శాశ్వతంగా లౌకిక ఉపయోగానికి వెళ్ళిపోతేనో తప్ప దేవాలయం తన ప్రతిష్ఠను కోల్పోదని 1212వ నిబంధన చెబుతుంది. నోత్ర్ దామ్ విషయంలో ఇది స్పష్టంగా కనబడింది. 2019 ఏప్రిల్ 15న మంటల్లో దాని పైకప్పు, శిఖరం కూలాయి. రెండు నెలలకు, జూన్ 15న, సుమారు ముప్పైమంది తలకు హెల్మెట్లు పెట్టుకుని వెనకవైపు ప్రార్థనాలయంలో పూజ చేసుకున్నారు. ఆ తరువాత ఐదేళ్ళు ఆ సంఘం దగ్గరలోని సాఁ జెర్మాఁ లొసెర్వా దేవాలయంలో పూజలు జరుపుకుంది. 2024 డిసెంబరు 7న తలుపులు తెరిచినప్పుడు దేవాలయం మొత్తాన్ని మళ్ళీ ప్రతిష్ఠించలేదు. శిఖరం పడి నలిగిపోయిన పాత బలిపీఠం స్థానంలో పెట్టిన కొత్త బలిపీఠాన్ని మాత్రం మర్నాడు పవిత్ర తైలంతో అభిషేకించారు. మీ దేవాలయం చుట్టూ పరంజా కట్టి ఉన్నప్పుడు అక్కడ క్రికెట్ ఆడవద్దని పెద్దలు అంటే కారణం ఇదే.

శాశ్వతంగా మూసే సందర్భాలు కూడా ఉంటాయి. జనం తగ్గి రెండు విచారణలను ఒకటి చేసినప్పుడు, కట్టడం ఇక నిలవదని తేలినప్పుడు పీఠాధిపతి తన గురువుల సభను సంప్రదించి అలా నిర్ణయిస్తారు. అది బాధే. అక్కడ మొదటి సత్ప్రసాదం పుచ్చుకున్న అవ్వలు, తాతలు ఏడిస్తే వారికి విశ్వాసం తక్కువని అనుకోకండి. ఆ బాధను ఒక ఉత్తరంలో తీర్చే శక్తి నాకు లేదు.

మీరు చేయవలసిన పని ఒకటి అడుగుతాను. కొత్త చోటు తెలియక పూజ మానేసేవాళ్ళు ఎక్కువగా ముసలివాళ్ళు, ఒంటరివాళ్ళు. ప్రకటన వాళ్ళ చెవిన పడదు, పడినా మెట్లు ఎక్కగలమా, కూర్చోవడానికి కుర్చీ ఉంటుందా అని ఆగిపోతారు. రోజూ మీ బెంచీ వెనక కూర్చునేవాళ్ళు ఈ ఆదివారం కనబడకపోతే ఎవరో గుర్తుపెట్టుకుని ఫాదర్ గారికి చెప్పండి, ఇంట్లో పెద్దవాళ్ళతో వాళ్ళకు ఫోన్ చేయించండి. పూజకు పావుగంట ముందే వచ్చి ముందు వరుసలో కొన్ని కుర్చీలు వాళ్ళ కోసం ఖాళీగా ఉంచండి. అసలు కదలలేనివారి పేర్లు కూడా చెబితే వారికి సత్ప్రసాదం ఇంటికే తీసుకువెళతారు.

ఆశీస్సులతో,
మీ తాతయ్య