ఆ అంకెలో మాస్క్ వాటా ఎంత?

ప్రోటీన్లను గడ్డకట్టించి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌తో చూసే పద్ధతి క్రయో-ఈఎం. దాని మీద పేపర్ ఏది తెరిచినా ముందు కంటపడేది రిజల్యూషన్ అనే ఒక అంకె: 3.2 ఆంగ్‌స్ట్రామ్‌లు, 2.8 ఆంగ్‌స్ట్రామ్‌లు (ఆంగ్‌స్ట్రామ్ అంటే మిల్లీమీటరులో కోటో వంతు). అంకె ఎంత చిన్నదైతే అంత సూక్ష్మమైన వివరం కనబడుతున్నట్టు. అది మైక్రోస్కోప్ చెప్పింది కాదు, మనం లెక్క కట్టింది. ఎలా కట్టాలన్న దానిమీద నలభై ఏళ్లుగా వాదన నడుస్తూనే ఉంది.

లెక్క మూలం తేలికే. గాజులాంటి మంచులో చిక్కుకున్న ప్రోటీన్ల బొమ్మలను రెండు సగాలుగా పంచి, రెండు మ్యాప్‌లు (ప్రోటీన్ ఆకారపు నమూనాలు) కట్టి, అవి ఎంత సూక్ష్మమైన వివరం దాకా కలుస్తున్నాయో చూస్తారు. 1982లో చదునైన బొమ్మలకు వచ్చిన ఈ పద్ధతిని 1986లో హరౌజ్, వాన్ హీల్ త్రీడీ మ్యాప్‌లకు తెచ్చారు. అదే ఫోరియర్ షెల్ కోరిలేషన్, ఎఫ్ఎస్‌సీ. పోలిక 1 దగ్గర మొదలై సూక్ష్మ వివరాల వైపు వెళ్లేకొద్దీ సున్నాకు జారుతుంది. మరి గీత ఎక్కడ గీయాలి? చాలామంది 0.5 దగ్గర గీసేవారు. 2003లో రోసెంతాల్, హెండర్సన్ 0.143 అన్నారు. సగం మ్యాప్‌ల మధ్య పోలిక అంత ఉంటే, మొత్తం డేటాతో కట్టిన మ్యాప్‌కూ తప్పుల్లేని మ్యాప్‌కూ మధ్య పోలిక 0.5 ఉంటుందన్నది వాళ్ల లెక్క. వాన్ హీల్ ఒప్పుకోలేదు. ఎప్పుడూ ఒకేచోట ఉండే గీతే తప్పని 2005లో షాట్జ్‌తో కలిసి రాశారు.

గీత సంగతి ఎలా ఉన్నా, ఆ రెండు సగాలు నిజంగా విడివిడిగా తయారయ్యాయా అన్నదే అసలు ప్రశ్న. పక్కపక్కన కూర్చుని చూసి రాసుకున్న ఇద్దరు పిల్లల జవాబులు కలిశాయంటే వాళ్లకు పాఠం వచ్చినట్టు కాదు కదా! 2012లో షెరెస్, చెన్ రెండు సగాలనూ మొదటినుంచీ విడిగా నడిపించాలని గట్టిగా చెప్పారు. ఆ మరుసటి ఏడే హెచ్ఐవీ పైపొర ప్రోటీన్ మ్యాప్ ఒకటి సుమారు 6 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర వచ్చింది. హెండర్సన్, వాన్ హీల్, శ్రీరామ్ సుబ్రమణ్యం దాన్ని బహిరంగంగా ప్రశ్నించారు, రచయితలు సమర్థించుకున్నారు. హెండర్సన్ తన వ్యాసంలో గుర్తుచేసిన ఉదాహరణ ఎవరూ మర్చిపోలేరు. ఉత్త నాయిస్ (అర్థంలేని చుక్కల గందరగోళం) బొమ్మలు వెయ్యి తీసుకుని, ఐన్‌స్టీన్ ఫొటోకు సరిపోయేలా ఒక్కోదాన్నీ జరిపి, సగటు తీస్తే ఐన్‌స్టీన్ ముఖమే వస్తుంది. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనబడటం అంటే ఇదే.

ఇక మాస్క్. ప్రోటీన్ చుట్టూ హద్దు గీసి, బయట నీళ్ల ప్రాంతంలోని నాయిస్‌ను సున్నా చేస్తాం. అందులో తప్పులేదు. ఆ నాయిస్‌ను లెక్కలో ఉంచితే పోలిక ఉన్నదానికన్నా తక్కువగా కనిపిస్తుంది. కానీ రెండు సగాలకూ వేసేది ఒకే మాస్క్. దాని అంచు కత్తితో కోసినట్టు ఉంటే, ఆ అంచు రెండింటిలోనూ అచ్చంగా ఒకేలా పడుతుంది. ఎఫ్ఎస్‌సీకి ప్రోటీన్ ఏదో అంచు ఏదో తెలియదు, రెండింటినీ పోలికగానే లెక్కేస్తుంది. స్క్రీన్ మీద దీన్ని కళ్లారా చూడొచ్చు. మాస్క్ బిగించేకొద్దీ గ్రాఫ్ కుడివైపు జరుగుతుంది, అంకె మెరుగుపడుతుంది. అయితే మరీ బిగిస్తే గ్రాఫ్ తోక సున్నాకు దిగకుండా పైనే వేలాడుతుంది. అందుకే అంచును కొన్ని పిక్సెళ్ల మేర మెల్లగా సున్నాకు దించాలంటారు.

దీనికి 2013లో వచ్చిన పరీక్ష నాకు చాలా ఇష్టం. ఒక హద్దు దాటిన సూక్ష్మ వివరాల ఫేజ్‌లను (ఏ వివరం ఎక్కడ ఉందో చెప్పే సమాచారాన్ని) రెండు సగాల్లోనూ వేర్వేరుగా కలగాపులగం చేస్తారు. అక్కడ ప్రోటీన్ సమాచారం ఇక ఏమీ మిగలదు. తర్వాత అదే మాస్క్ వేసి చూస్తారు. అయినా పోలిక కనబడితే అది మాస్క్ తెచ్చిపెట్టిందే! ఆ వాటాను తీసేస్తే మిగిలేదే నమ్మదగిన అంకె.

ఇలాంటి మ్యాప్‌లను అందరికోసం భద్రపరిచే డేటాబేస్ ఈఎండీబీ 2022 నుంచి సగం మ్యాప్‌లను కూడా తప్పనిసరిగా అడుగుతోంది. అంటే ఆ రెండు సగాలనూ ఎవరైనా దించుకుని, మెత్తటి అంచున్న తమ మాస్క్‌తో మళ్లీ లెక్క కట్టి చూడొచ్చు. కన్ను కూడా వాడాలి. 3.2 అన్న మ్యాప్‌లో హెలిక్స్ (ప్రోటీన్ గొలుసు స్ప్రింగులా చుట్టుకున్న భాగం) మెలికలు, పక్కకు పొడుచుకొచ్చే సైడ్ చైన్లు కనబడాలి. హెలిక్స్ ఇంకా నున్నటి గొట్టంలాగే ఉంటే, ముందు తెరిచి చూడాల్సింది మాస్క్‌నే.