జ్ఞాపకాల పెట్టెకు ఫోటో ఇచ్చే ముందు: అపోహలు - వాస్తవాలు

పాత ఫోటోలు, శుభలేఖలు, క్యాలెండర్ బొమ్మలతో పలకలు తయారుచేసి, వాటి అంచులను క్రోషా అల్లికతో కలిపి జ్ఞాపకాల పెట్టెలు చేయడం నా పని. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ వైపు ఇళ్లు మునిగిన దగ్గర నుంచి, నా దగ్గరికి వచ్చేవారి సంచుల్లో ఒకే రకం వస్తువు పదేపదే బయటపడుతోంది. అదే, లామినేషన్ చేయించిన పాత ఫోటో. ఎవరో చెప్పారని చేయించామంటారు. ఆ ఎవరో ఎవరో గానీ, ఈ ఊళ్లో ఎన్ని ఇళ్ల ఫోటోలకు చేటు తెచ్చారో!

అపోహ: లామినేషన్ చేయిస్తే ఫోటో ఇక పాడవదు.

వాస్తవం: అదే దాన్ని పాడుచేస్తుంది. అందుకే దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను. పాత నలుపు తెలుపు ఫోటోలో బొమ్మ ఉండేది కాగితంలో కాదు, కాగితం మీది జెలటిన్ పొరలో ఉండే సన్నని వెండి రేణువుల్లో. ఆ పొర తేమను పీల్చుకుంటుంది, తడిస్తే ఉబ్బి మెత్తబడుతుంది. లామినేషన్ యంత్రం సుమారు వంద డిగ్రీలు, అంతకు పైబడిన వేడితో ప్లాస్టిక్ లోపలి జిగురును కరిగించి ఆ పొరకే అతికిస్తుంది. తర్వాత ప్లాస్టిక్ లాగితే బొమ్మ కూడా దానితో పాటే ఊడి వస్తుంది. ఫోటోలో తేమ మిగిలి ఉంటే అది లోపలే చిక్కుకుని బూజు పడుతుంది. పైన ప్లాస్టిక్ ఉండటంతో తుడిచే వీలు కూడా ఉండదు. ఎండ తగిలితే రంగులు వెలిసిపోవడాన్ని లామినేషన్ ఆపదు.

సింగ్ నగర్ నుంచి ఒకావిడ వచ్చారు. "అమ్మ ఫోటో ఇదొక్కటేనండీ. వరద నీళ్లలో తడిసింది, ఇంకా పాడవుతుందేమోనని వెంటనే లామినేషన్ చేయించాం. ఈ ప్లాస్టిక్ తీసేయగలరా?" అని అడిగారు. కిటికీ దగ్గర పట్టుకుని చూస్తే, గడ్డం కింద నుంచి చీర అంచు దాకా ప్లాస్టిక్ లోపల నల్లటి చుక్కలు పాకి ఉన్నాయి. కళ్లు, బొట్టు మాత్రం చెక్కుచెదరలేదు. "తీయకూడదమ్మా, తీస్తే ఈ కళ్లు కూడా పోతాయి" అన్నాను. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. ఆ తప్పు ఆవిడది కాదు. అమ్మ ముఖం ఎక్కడ పోతుందోనన్న భయంలో ఎవరైనా కనిపించిన దుకాణానికే వెళ్తారు. గది చీకటి చేసి, ఫ్లాష్ వాడకుండా, రెండు పక్కల నుంచి ఏటవాలుగా దీపాలు పెట్టి, మెరుపు పడకుండా ఆ ఫోటోకు ఫోటో తీశాం. మచ్చలను కంప్యూటర్‌లో సరిచేశాక, ఆ నకలే ఆవిడ పెట్టెకు మూతయింది.

తడిసిన ఫోటోలకు చేయవలసింది వేరే. ఒకదానికొకటి అంటుకుని ఉంటే ఎండనివ్వకండి. శుభ్రమైన చల్లని నీళ్లలో ఉంచి, వాటంతట అవి విడివడేలా నెమ్మదిగా తీయండి. బొమ్మవైపు వేలితో రుద్దవద్దు. బొమ్మ పైకి ఉండేలా నీడలో శుభ్రమైన గుడ్డ మీద ఆరబెట్టండి. రెండు రోజుల్లోపు ఈ పని కాదనుకుంటే, కవర్లో పెట్టి ఫ్రీజర్‌లో ఉంచితే కొంత గడువు దొరుకుతుంది. అద్దానికి అంటుకుపోయిన ఫోటోను పొడిగా పీకవద్దు, అద్దంతో సహా అలాగే తీసుకురండి.

అపోహ: అసలు ఫోటోనే కుట్టాలి, నకలుకు విలువ లేదు.

వాస్తవం: పెట్టెకు ఒక్కో పలకంటే రెండు బొమ్మలు, మధ్యలో అట్ట. చుట్టూ పావు అంగుళానికి ఒకటి చొప్పున దబ్బనంతో రంధ్రాలు పొడుస్తాను. ఆరంగుళాల పొడవు, నాలుగంగుళాల వెడల్పు ఉన్న పలకకు అలా 80 రంధ్రాలు పడతాయి. వాటిలో నుంచి దారం కుట్టి, ఆ కుట్టు మీద క్రోషా వరస అల్లి, పలకను పలకతో కలుపుతాను. ముప్పై, నలభై ఏళ్ల నాటి కాగితం ఆ బిగువుకు రంధ్రం వెంట రంధ్రంగా చిరిగిపోతుంది. అందుకే బయట నకలు, లోపల అసలు. వెనుక చేతిరాత ఉంటే దానికీ నకలు తీసి లోపలివైపు అమరుస్తాను. పోయిన పెద్దల ముఖం చుట్టూ సూది గుచ్చితే దోషమేమోనని మెల్లగా అడిగేవారు ఉంటారు. గుచ్చేది నకలుకు, అదీ అంచుకు. అసలు ఫోటో మీద గాటు కూడా పడదు, నిశ్చింతగా ఉండండి.

ఫోటోను వాట్సాప్‌లో మామూలుగా పంపితే చాలనుకోవద్దు, బొమ్మ కుదించుకుపోయి వివరాలు పోతాయి. డాక్యుమెంట్‌గా పంపండి. పాస్‌పోర్టు సైజు ఫోటో అయితే 600 డీపీఐలోనో (అంగుళానికి 600 చుక్కలు), అంతకంటే ఎక్కువలోనో స్కాన్ చేయించండి. నెగెటివ్‌లు ఉంటే దయచేసి పారేయకండి. వెలిసిపోయిన ఫోటో కంటే చాలాసార్లు వాటి నుంచే మంచి బొమ్మ వస్తుంది.

బీసెంట్ రోడ్డులో మీటరు లెక్కన దొరికే లేసు అతికిస్తే సరిపోదా అని కూడా అడుగుతారు. అతికించిన లేసు అలంకారం మాత్రమే. ఇక్కడ అల్లికే పెట్టెను నిలబెడుతుంది. పైగా అసలైన క్రోషాను అల్లే యంత్రం లేదు. నరసాపురం ఆడవాళ్లు తరతరాలుగా అల్లుతున్నది సూదితో, చేత్తోనే. ధర ఎందుకింత అని అడిగేవారికి నా సమాధానం ఇదే.

లేసు గట్టిపడాలని గంజి పెట్టవద్దు, మైదా జిగురు అసలే వద్దు. రెండూ బొద్దింకలకు, వెండి పురుగులకు మేత. కలరా ఉండలు కూడా పెట్టెలో వేయకండి. వార్తాపత్రిక ముక్కలను ఫోటోలకు తగలనివ్వకండి. ఆ కాగితంలో ఉండే లిగ్నిన్ అనే చెక్క పదార్థం పసుపెక్కుతూ, దాని నుంచి పుట్టే ఆమ్లం పక్కనున్న కాగితానికీ పాకుతుంది.

ఇప్పటికే లామినేషన్ చేయించినవారు బ్లేడు, హెయిర్ డ్రయ్యర్ పెట్టి విడదీసే వీడియోలు చూసి ప్రయత్నించకండి. ఆ ఫోటోను మడవకుండా రెండు అట్టల మధ్య పెట్టి తీసుకురండి. మచ్చలు ముఖం దాకా పాకకముందే నకలు తీసుకుందాం.