సొలొమోను మందిరంలోని చందనం మనదేనా?

ఇశ్రాయేలు రాజు సొలొమోను యెరూషలేము మందిరానికి వాడింది మన శేషాచలం ఎర్రచందనమేనా అన్న వాదన మళ్ళీ మొదలైంది. దీనికి ఆధారం తెలుగు బైబిలే. రాజుల మొదటి గ్రంథం 10వ అధ్యాయంలో తూరు రాజు హీరాము ఓడలు ఓఫీరు అనే దూరతీరం నుంచి ‘చందనపు మ్రానులు’ తెచ్చాయని ఉంది. హీబ్రూ మూలంలో ఉన్న మాట ‘అల్ముగ్గీమ్’. బైబిల్లోనే మరో భాగమైన దినవృత్తాంతాల్లో అదే ‘అల్గుమ్మీమ్’ అయింది.

19వ శతాబ్దంలో మాక్స్ ముల్లర్ లాంటి పండితులు ఈ పేరును సంస్కృతంలో చందనానికి ఉన్న ‘వల్గుక’ అనే మాటతో ముడిపెట్టారు. ఓఫీరు భారత తీరమే అన్నారు. రాజు ఆ కర్రతో సితారాలు చేయించాడు, ఎర్రచందనం కూడా వాయిద్యాలకు పనికొచ్చేదే. అలా వాదన బలపడింది.

దాన్ని తలకిందులు చేసింది సిరియా మట్టి. 1929లో రాస్ షమ్రా దగ్గర తవ్వకాలు మొదలై ఉగారిత్ నగరం బయటపడింది. సొలొమోను పుట్టడానికి చాలా ముందే నాశనమైన ఊరది. అక్కడి మట్టిపలకల్లో ఒక సరుకుల జాబితాలో ‘అల్మ్గ్’ కనిపించింది. ప్రాచీన మెసపొటేమియాలోని అక్కాదు భాషలో దాని జోడీ ‘ఎలమ్మక్కు’. యూఫ్రటీసు ఒడ్డున మారీ రాజు యహ్దూన్-లిమ్ క్రీ.పూ. 1800 ప్రాంతంలో గుడి పునాది ఇటుకల మీద ఒక విషయం రాయించుకున్నాడు. సైన్యంతో మధ్యధరా సముద్రం దాకా వెళ్ళి, అక్కడి కొండల్లో దేవదారు, సరళ వృక్షాలతో పాటు ఎలమ్మక్కు కూడా కొట్టించాడట! దినవృత్తాంతాలు రెండో గ్రంథం 2:8లో సొలొమోను లెబానోను నుంచి పంపమన్నవీ ఈ మూడే. లెబానోనులో చందనం ఎక్కడిదని పాత వ్యాఖ్యాతలు ఈ వచనాన్ని లేఖకుడి పొరపాటు కింద తోసేశారు. 1967లో సెమిటిక్ భాషల పండితుడు గ్రీన్‌ఫీల్డ్, సంస్కృత పదాల వ్యుత్పత్తిలో దిట్ట అయిన మైర్‌హోఫర్ కలిసి ఈ సంగతంతా తిరగదోడాక ‘వల్గుక’ వాదం దాదాపు మూలపడింది.

మొదటి శతాబ్దపు చరిత్రకారుడు జోసీఫస్ కూడా ఈ కర్ర అంజూరపు కర్రలా ఉంటుందని, దానికంటే తెల్లగా మెరుస్తుందని రాశాడు. ఎర్రచందనం వాదులు ఆయన్ను ఎందుకో తలుచుకోరు.

చందనం పక్షానికి ఇంకా మిగిలింది ఓఫీరు. ఎర్ర సముద్రం మీదుగా వచ్చిన ఓడల్లో లెబానోను కలప ఎలా ఉంటుందన్న వాళ్ళ ప్రశ్నలో న్యాయం ఉంది.

ఎలమ్మక్కు అసలు ఏ చెట్టో ఇప్పటికీ తేలలేదు. 1611లో కింగ్ జేమ్స్ బైబిలు అనువాదకులు తేల్చే పని పెట్టుకోకుండా ‘అల్మగ్’ అనే ఉంచేశారు. మనవాళ్ళు చందనం అన్నారు, అదీ ఎర్రదో మంచి గంధమో చెప్పకుండా.